చెరువు గట్టు నుంచే పరిశోధనకు శ్రీకారం

బాచుపల్లి: మియాపూర్ నుంచి బాచుపల్లి వైపు సాగే రహదారికి ఇరువైపులా ఇంజనీరింగ్ కళాశాలలు, ఇంటర్మీడియెట్ వసతి గృహాలు, బహుళ అంతస్తుల భవనాలు బారులు తీరి కనిపిస్తాయి. ఉదయం, సాయంత్రం కళాశాలల బస్సులతో దారి కిక్కిరిసిపోతుంది. జేఈఈ ర్యాంకు, నీట్ మార్కులు, ప్రాంగణ నియామకాలు... ఈ ప్రాంతపు విద్యార్థి లోకమంతా ఈ మూడు మాటల చుట్టూనే తిరుగుతోందంటే అతిశయోక్తి కాదు. అయితే తెలుగు భాష, సాహిత్యం, కళలు, చరిత్రల అధ్యయనానికే ప్రత్యేకించిన విశ్వవిద్యాలయం సైతం ఇదే బాచుపల్లిలో ఉంది. ఆ ద్వారం ముందు నుంచి నిత్యం రాకపోకలు సాగించే యువతలో ఎందరు ఒక్కసారైనా లోపలికి తొంగి చూశారన్నది సందేహమే.

1985 డిసెంబరు 2న ఈ విశ్వవిద్యాలయం ఏర్పడింది. అప్పటి సాహిత్య, సంగీత, నాటక, లలితకళా అకాడమీలను ఇందులో విలీనం చేశారు. చాలాకాలం నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో పొట్టి శ్రీరాములు పేరుతో నడిచి, అనంతరం బాచుపల్లిలోని సుమారు 100 ఎకరాల ప్రాంగణానికి తరలివచ్చింది. 2025లో దీనికి సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టారు. పేరు మార్పుపై జరిగిన చర్చ అటుంచితే, ఆ పేరు గల వ్యక్తి ఏం చేశారో తెలుసుకోవడం ఈ ప్రాంత విద్యార్థులకు ఎంతో ఉపయోగకరం. పరిశోధన అంటే ఏమిటో చెప్పడానికి అంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు.

354 మంది కవులతో జవాబు

సురవరం ప్రతాపరెడ్డి 1896 మే 28న జన్మించారు. న్యాయశాస్త్రం చదివారు. తెలుగు, సంస్కృతం, ఉర్దూ, పారశీకం, ఆంగ్లం ఎరిగినవారు. 1926 మే 10న గోలకొండ పత్రికను ప్రారంభించారు. నిజాం రాజ్యంలో తెలుగు చదువుకే ఆదరణ కొరవడిన రోజులవి. ఆ దశలో, నైజాం ప్రాంతంలో తెలుగు కవులు లేరన్న మాట ఒకటి పత్రికాముఖంగా వెలువడింది. ఆవేశపడి ఒక ఖండన వ్యాసం రాసి ఊరుకోవచ్చు. ఎదుటివారు మరో వ్యాసం రాస్తారు. వాదం నడుస్తూనే ఉంటుంది.

ప్రతాపరెడ్డి ఆ దారి పట్టలేదు. తన పత్రికను సాధనంగా చేసుకొని జిల్లాల నుంచి కవుల వివరాలను, రచనలను సేకరించారు. 1934లో వెలువడిన గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులకు చోటు దక్కింది. పేరు పేరునా ఆధారం చూపిన తర్వాత ఇక కాదనడానికి ఎవరికీ అవకాశం లేకపోయింది. ఒక ప్రశ్న, దానికి సాక్ష్యాల సేకరణ, ఆ సాక్ష్యాలను నలుగురూ పరిశీలించుకునేలా అచ్చు వేయడం. పరిశోధన పద్ధతి మొత్తం ఈ మూడింటిలోనే ఇమిడి ఉంది. అదీగాక ఈ పని ఒక్క చేతి మీదుగా జరిగినది కాదు. ఏ మారుమూల పల్లెలోనో ఒక కవి వివరాలు రాసి పంపిన వ్యక్తికి కూడా అందులో భాగం ఉంది. అటువంటి భాగం ఈనాడు తొమ్మిదో తరగతి విద్యార్థి సైతం పంచుకోగలడు.

ఆయన మరో గ్రంథం ఆంధ్రుల సాంఘిక చరిత్ర 1949లో వెలువడింది. రాజుల యుద్ధాలు, వంశావళులే చరిత్ర అనుకునే కాలంలో ప్రజలు ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడారు, ఏ వృత్తులు చేశారు అన్న ప్రశ్నలు వేసుకొని, వాటికి సమాధానాలను కావ్యాల్లో వెదికారు. పాల్కురికి సోమనాథుని రచనలు, క్రీడాభిరామం, హంసవింశతి వంటి గ్రంథాలు ఆయనకు చరిత్ర పత్రాలయ్యాయి. క్రీడాభిరామంలో కాకతీయుల ఓరుగల్లు వీధులు, పూటకూళ్ల ఇంట్లో ఒక రూకకు దొరికే భోజనం కళ్లకు కట్టినట్లు కనిపిస్తాయి. పరీక్షకు ప్రతిపదార్థం బట్టీ పట్టే విద్యార్థికి అదే పద్యాన్ని ఆనాటి భోజనశాల పట్టికగా చూపితే ఆసక్తి దానంతట అదే పుడుతుంది. సాహిత్య పఠనానికి, పరిశోధనకు నడుమ గోడ లేదనడానికి ఈ గ్రంథమే నిదర్శనం. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారాలు మొదలైనప్పుడు తెలుగులో తొలి పురస్కారం దీనికే లభించింది. అప్పటికి ఆయన లేరు. 1953 ఆగస్టు 25న కన్నుమూశారు.

పాటలు, పనిముట్ల మాటలు

తర్వాతి తరంలో ఇదే కోవలో నడిచినవారు ఇద్దరిని ఇక్కడ ప్రస్తావించక తప్పదు. వరంగల్ ప్రాంతానికి చెందిన బిరుదురాజు రామరాజు జానపద గేయ సాహిత్యంపై పరిశోధన చేసి 1956లో ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ పొందారు. నాట్లు వేసే కూలీలు, రోకలి పోటు వేసే స్త్రీలు, ఉయ్యాల ఊపే తల్లులు పాడుకునే పాటలకు విశ్వవిద్యాలయంలో పీట వేసిన ఘనత ఆయనది. చదువురానివారి నోట ఉన్నదీ సాహిత్యమేనని ఆనాడు చెప్పడానికి ధైర్యం కావాలి.

రెండవవారు భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ కోసం ఆయన రూపొందించిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలతో 1962లో వెలువడింది. చేనేత పదాల సంపుటం 1971లో వచ్చింది. నాగలిలో ఒక్కో భాగాన్ని ఏ జిల్లాలో ఏమంటారు, మగ్గంలో ఒక్కో కర్రను ఏ ప్రాంతపు నేతకాడు ఏ పేరుతో పిలుస్తాడు అన్నది ఊరూరా అడిగి రాసుకున్న కోశాలివి. ఇందులో గ్రంథాలయంలో దొరికే సమాచారం స్వల్పం. సమాచారమిచ్చినవారు రైతులు, నేతపనివారు. ట్రాక్టర్లు రంగప్రవేశం చేసి నాగళ్లు అటకెక్కిన తర్వాత ఆ పదాలు ఇంత సమగ్రంగా దొరికేవి కావు. కొద్ది సంవత్సరాల జాప్యం కూడా ఈ రకం పనికి తీరని నష్టం తెచ్చిపెడుతుందన్నది గమనార్హం.

బాచుపల్లిలో ఏముంది?

ఈ ప్రశ్నకే అసలు జవాబు కావాలి. బాచుపల్లి కొంతకాలం క్రితం వరకు పల్లె. కుత్బుల్లాపూర్ మండలంలో ఉండేది. 2016లో జిల్లాల పునర్వ్యవస్థీకరణలో మండల కేంద్రమైంది. 2019లో నిజాంపేట నగరపాలక సంస్థలో కలిసింది. పొలాలు ప్లాట్లుగా, ప్లాట్లు అపార్ట్‌మెంట్లుగా మారడానికి ఒక తరం కూడా పట్టలేదు. పొలం పనిచేసిన చేతులు, చెరువు కింద వరి పండించిన మనుషులు ఇంకా ఇక్కడే ఉన్నారు. వారి మనుమలు పక్క వీధిలోనే కంప్యూటర్ కోర్సు చదువుతున్నారు.

ఒక చిన్న ఉదాహరణ చూద్దాం. ప్రగతినగర్‌లో అంబీర్ చెరువు ఉంది. చెరువుల ఆక్రమణల తొలగింపు వార్తల పుణ్యమా అని ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్ అనే మాటలు ఇప్పుడు చిన్న పిల్లలకు కూడా తెలుసు. అదే చెరువు విషయంలో తాతల తరం వాడిన మాటలు వేరు. చెరువు నిండినప్పుడు నీటి అడుగున ఉండి, నీరు తగ్గితే సాగుకు వచ్చే భూమి శికం. నిండిన చెరువు పొంగి పొర్లే చోటు మత్తడి. పొలాలకు నీరు వదిలేది తూము. ఎవరి మడికి ఎంత నీరు అన్నది చూసి వంతులవారీగా పారించేవాడు నీరటి. ఆ నీటితో పండేది ఆయకట్టు. మత్తడినే కొన్ని ప్రాంతాల్లో అలుగు అంటారు, రాయలసీమలో మరవ అంటారు. ఒక్కో మాట వెనుక ఒక ఏర్పాటు ఉంది, ఒక హక్కు ఉంది, ఒక్కోసారి తగాదా కూడా ఉంది. శికం అంటే ఏమిటో ఊరందరికీ తెలిసినప్పుడు ఆ భూమిలో ఇల్లు కట్టడానికి ఎవరైనా వెనుకాడేవారు. మాట మరుగున పడ్డాక ఇటుక లేచింది. ఇది ఈ వ్యాసకర్త అభిప్రాయం మాత్రమే. దీనిని నిరూపించాలన్నా, కాదనాలన్నా పరిశోధనే చేయాలి.

విద్యార్థి ఇటువంటి పది మాటలు సేకరిస్తే చాలు. అయితే పద్ధతి పాటించాలి. మాట, దాని అర్థం, దానిని వాడిన వాక్యం, చెప్పినవారి ఊరు, సుమారు వయస్సు, వృత్తి, చెప్పిన తేదీ రాసుకోవాలి. చెప్పింది చెప్పినట్లు రాయాలి. 'మత్తడి దుంకింది' అని పెద్దాయన అంటే 'అలుగు పారింది' అని సరిదిద్దరాదు. కొత్తగా ఈ పనికి దిగేవారు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే. మాటను శుభ్రం చేశామనుకుంటారు, సాక్ష్యాన్ని చెరిపేస్తారు. అలాగే ఒకరు చెప్పినది మరొకరిని అడిగి సరిచూసుకోవాలి. తేడా వస్తే రెండింటినీ రాయాలి. మాట ఇచ్చినవారి అనుమతి లేకుండా వారి పేరు, ఫొటో ఎక్కడా పెట్టకూడదు.

ఊరి పేరు మరో మంచి అంశం. బాచుపల్లిలో పల్లి సరే, బాచు అంటే ఏమిటి? వినగానే ఒక కథ అల్లేయడం తేలిక. పరిశోధకుడు కథ అల్లడు. ముందుగా ఆ పేరు పాత కాగితాల్లో ఎలా రాసి ఉందో చూస్తాడు. 1954-55 నాటి ఖాస్రా పహాణీలు ఉన్నాయి. అంతకు పూర్వపు నిజాం కాలపు దస్తావేజులు తార్నాకలోని రాష్ట్ర పురావస్తు పత్రాల భాండాగారంలో ఉన్నాయి. వాటిలో అధిక భాగం పారశీకంలో, ఉర్దూలో ఉంటాయి. హైదరాబాద్ పరిసరాల చరిత్ర తెలుసుకోగోరే తెలుగు విద్యార్థి కాస్త ఉర్దూ చదవడం నేర్చుకుంటే అతడికి తెరచుకునే తలుపులు ఎన్నో. తర్వాత అదే మొదటి మాటతో మరే ఊళ్లయినా ఉన్నాయా, శాసనాల్లో ఆ పేరున్న మనుషులు ఉన్నారా అని వెదుకుతాడు. ఆపై తన ఊహను ఊహగా, ఆధారాన్ని ఆధారంగా వేర్వేరుగా రాస్తాడు.

శాసనాల కోసం కూడా ఎంతో దూరం వెళ్లనక్కర లేదు. ఇదే మేడ్చల్ మల్కాజిగిరి జిల్లాలోని కీసరగుట్టపై ఒక రాతి మీద, రాళ్లు తొలిచే పనివారిని సూచించే తెలుగు మాట చెక్కి ఉంది. లిపిని బట్టి అది విష్ణుకుండినుల కాలం నాటిదని పండితులు భావిస్తున్నారు. తెలుగుకు 2008లో ప్రాచీన భాష హోదా లభించిన నేపథ్యంలో భాష ప్రాచీనతకు చూపే ఆధారాల్లో దీనిని కూడా పేర్కొంటారు. రాజు బిరుదు కాదు, దానశాసనం కాదు. కూలి చేసిన వారి వృత్తి నామం. ఆదివారం గుడికి వెళ్లే కుటుంబాల్లో ఆ రాతిని చూసి వచ్చేవారు అరుదు.

తప్పు పడటమూ చదువే

పెద్ద పండితుల నిర్ణయాలు కూడా తర్వాతి తరాల పరీక్షకు నిలవవలసిందే. మానవల్లి రామకృష్ణకవి నన్నెచోడుని కుమారసంభవాన్ని 1909లో వెలుగులోకి తెచ్చారు. మరుగున పడిన మహాకావ్యాన్ని జాతికి ఇచ్చిన మహోపకారమది. నన్నెచోడుడు నన్నయ కంటే పూర్వుడని ఆయన చేసిన ప్రతిపాదనను మాత్రం పలువురు పండితులు అంగీకరించలేదు. కావ్యాన్ని కనుగొన్న కీర్తి అలాగే ఉంది, కాలనిర్ణయంపై వాదమూ అలాగే ఉంది. క్రీడాభిరామం వల్లభరాయుని రచనా, శ్రీనాథుని రచనా అన్న చర్చ కూడా ఇటువంటిదే. పాఠ్యపుస్తకంలో ఒక్క వాక్యంగా కనిపించే విషయం వెనుక ఇంత తర్జనభర్జన ఉంటుందని విద్యార్థులకు తరగతి గదిలో చెప్పేవారు తక్కువ. చెబితే వారు ప్రశ్నలు అడుగుతారు, పాఠ్యప్రణాళిక పూర్తి కాదన్న భయం కాబోలు.

ఈ సందర్భంలో మరో హెచ్చరిక అవసరం. ప్రస్తుతం ఏ సందేహం కలిగినా కృత్రిమ మేధను అడగడం విద్యార్థులకు అలవాటైంది. ప్రాచీన సాహిత్యం విషయంలో అది లేని పద్యాలను, లేని గ్రంథాలను కూడా ఉన్నట్లే తడుముకోకుండా చెప్పగలదు. దారి అడగడానికి పనికొస్తుందేమో గాని సాక్ష్యంగా పనికిరాదు. పుస్తకం తెరచి పుట సంఖ్య చూసుకోనిదే ఏ వాక్యాన్నీ నోటు పుస్తకంలోకి ఎక్కించరాదు.

ఆ పుస్తకాలు దొరకడం పూర్వమంత కష్టం కాదు. మియాపూర్‌లో మెట్రో ఎక్కి కోఠి వద్ద దిగితే, సుల్తాన్ బజార్‌లో 1901లో ఏర్పడిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం కొద్ది దూరంలోనే ఉంది. తెలంగాణలో గ్రంథాలయోద్యమానికి నాంది పలికిన సంస్థ అది. అఫ్జల్‌గంజ్‌లో 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. ఇంట్లోనే కూర్చొని చూడదలచినవారికి గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నిర్వహించే శోధగంగలో దేశంలోని విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలు ఉచితంగా లభిస్తాయి. ఒక అంశంపై తనకంటే ముందు ఎవరు ఏం చేశారో చూడకుండా పరిశోధనకు పూనుకోవడం వృథా ప్రయాస.

ఇంజనీరింగ్ విద్యార్థికీ చోటుంది

ఇదంతా తెలుగు ఎంఏ చదివేవారి వ్యవహారమని తేల్చేయడం సరికాదు. పాత పుస్తకాల బొమ్మల నుంచి అక్షరాలను కంప్యూటర్ చదివేలా చేయడం, ఒత్తులు, గుణింతాల దగ్గర అది పొరబడకుండా చూడటం, మాండలిక ఉచ్చారణను గుర్తించే సాధనాలు తయారు చేయడం నేటికీ సవాళ్లే. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీలో భాషా సాంకేతికతలపై ప్రత్యేక పరిశోధన కేంద్రం ఉంది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా, పాత గ్రంథాలను అక్షరబద్ధం చేస్తున్న తెలుగు వికీసోర్స్ చాలావరకు స్వచ్ఛంద సేవకుల శ్రమతో నడుస్తున్నాయి. వారిలో వేర్వేరు వృత్తులవారు ఉన్నారు. రోజుకు ఒక్క పుట అచ్చుతప్పులు దిద్దినా ఏడాదికి ఒక పుస్తకం పూర్తవుతుంది. దిద్దేవాడికి ఆ పుస్తకం చదివిన ఫలం అదనంగా దక్కుతుంది.

తల్లిదండ్రుల వాదన వేరు. సాహిత్యం చదివితే అన్నం పెడుతుందా అన్నది వారి ప్రశ్న. దీనిని తోసిపుచ్చలేం. 2018 చట్టంతో పాఠశాలల్లో పదో తరగతి వరకు తెలుగు బోధన తప్పనిసరి అయినా, ఇంటర్మీడియెట్‌కు రాగానే మార్కుల కోసం సంస్కృతం ఎంచుకోవడం పరిపాటిగా మారింది. తెలుగు అధ్యాపక పోస్టుల భర్తీ ఆలస్యమవుతూ ఎందరో పరిశోధకులు తాత్కాలిక కొలువుల్లో కాలం వెళ్లదీస్తున్న మాట వాస్తవం. ఆ సంగతి దాచి పిల్లలను ఇటు రమ్మనడం న్యాయం కాదు. అదే సమయంలో అవకాశాలనూ చెప్పాలి. పీజీలో 55 శాతం మార్కులున్నవారు, రిజర్వుడు వర్గాలకు 50 శాతం ఉన్నవారు, తెలుగు సబ్జెక్టుతో యూజీసీ నెట్ రాయవచ్చు. అందులో జేఆర్ఎఫ్ సాధించి పీహెచ్‌డీలో చేరితే నెలకు 37 వేల రూపాయలు, ఆ తర్వాత ఎస్ఆర్ఎఫ్ దశలో 42 వేల రూపాయలు ఫెలోషిప్ అందుతుంది. 2023 జనవరి నుంచి ఈ మొత్తం అమల్లోకి వచ్చింది. చాలా ప్రైవేటు కొలువుల తొలి జీతం కంటే ఇది తక్కువేమీ కాదు. మిగిలినవారు ఇంజనీర్లుగానో, వైద్యులుగానో ఉంటూనే ఈ పని చేయవచ్చు.

యువతకు గుర్తింపు లేదన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు. 35 ఏళ్ల లోపు రచయితలకు కేంద్ర సాహిత్య అకాడమీ 2011 నుంచి యువ పురస్కారం ఇస్తోంది. 2014లో తెలుగుకు ఆ పురస్కారం అందుకున్నది కవితా సంపుటి కాదు, నవల కాదు. అనంతపురం నుంచి వెలువడిన సాధన పత్రికపై అప్పిరెడ్డి హరినాథరెడ్డి చేసిన పరిశోధన గ్రంథం. ఒక జిల్లా పత్రిక పాత సంచికలను వెదికి, చదివి, వాటిలోని సాహిత్యాన్ని తిరిగి లోకానికి చూపిన పని అది. 2024లో ఈ పురస్కారం పొందిన రమేశ్ కార్తీక్ నాయక్ నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన రచయిత. ఆయన కథల సంపుటి ధావ్లోలో బంజారాల జీవితం కనిపిస్తుంది. ఇద్దరూ తమకు దగ్గరగా ఉన్నదాని నుంచే మొదలుపెట్టారు.

బాచుపల్లి పరిసరాల వసతి గృహాల్లో శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ వరకు అన్ని జిల్లాల పిల్లలూ ఉన్నారు. ఒకే గదిలో నలుగురు ఉంటే నాలుగు యాసలు వినిపిస్తాయి. ఒకరి మాటను మరొకరు వెక్కిరించడంతో సరిపోతున్న ఈ వినోదాన్ని ఏ ఉపాధ్యాయుడైనా ఒక పట్టికగా రాయిస్తే, ఒక్క సాయంత్రంలో చిన్నపాటి మాండలిక కోశం తయారవుతుంది. చీపురును, మూకుడును, వానకు ముందు వీచే గాలిని ఎవరి ఊళ్లో ఏమంటారో అడిగి చూడవచ్చు. సెలవులకు ఇళ్లకు వెళ్లినప్పుడు అమ్మమ్మ, నాయనమ్మల దగ్గర వాటిని సరిచూసుకొని రావచ్చు. అందుకు ఒక రెండు వందల పుటల నోటు పుస్తకం, ఒక కలం చాలు. చరవాణిలో గొంతు రికార్డు చేసుకునే వీలుంటే మరీ మంచిది. రికార్డు మొదట్లో తేదీ, ఊరి పేరు చెప్పించడం మరువరాదు.